పట్టపగలు తీసిన తాళంచెవి

రిస్బెక్ బండిని లారీలో వేసుకొచ్చిన రోజు అతని కింది పెదవి చీలి ఉంది. గడ్డం మీద నెత్తురు ఎండి నల్లబడింది. ఒరోజాలి ఆ పెదవి చూశాడు. చూసి, బండి కాగితాలు అడిగాడు. పెదవి సంగతి అడగలేదు.

కొండల నడుమ అత్-బాషి ఊరి సంతలో కొట్లన్నీ ఇనప డబ్బాలు. ఒకప్పుడు రైళ్ళ మీద సరుకు మోసి మోసి అలిసిపోయినవి. పదిహేడో డబ్బా ఒరోజాలిది. అందులో తాళంచెవులు కోసే మిషను, ఇనుమును బిగించి పట్టే వైసు, టంకం కడ్డీ, మూత విరిగిన లాప్‌టాప్, చిప్పుల్ని చదివే అగ్గిపెట్టెంత పరికరం. పటాలంలో రేడియోలు బాగుచేసి వచ్చినవాడు. యాభై మూడేళ్ళు. చెయ్యి వణకదు. మాట తక్కువ. మూడు లోయల్లో చిప్పు తాళం చేయగలిగిన మనిషి వాడొక్కడే.

నలుగురు కలిసి బండిని దించారు. దున్నపోతంత మోటారుసైకిలు.

"జపాన్‌ది," అన్నాడు రిస్బెక్. "జర్మన్ వాడొకడు పామీర్ కొండలు తిరిగొచ్చి, నడుం పట్టేసి, నాకమ్మేసి విమానమెక్కాడు."

"తాళాలు?"

"కొట్టేశారు. రెండూ పోయినయ్. ఒకే గుత్తిలో ఉన్నయ్ మరి."

"రెండోది ఇంట్లో ఉంచుకోవాలి."

"నువ్వు తాళం చేస్తావా, బుద్ధులు చెప్తావా అన్నా?"

ఒరోజాలి కాగితాలు చేతిలోకి తీసుకున్నాడు. కాగితంలో పేరు, ఇంజను మీద నంబరు, రిస్బెక్ గుర్తింపు కార్డు, మూడూ సరిపోల్చాడు. ఆఫీసులో కూర్చున్నవాడు ఏమేం అడుగుతాడో అవన్నీ అడిగాడు. ఒరోజాలి నాన్న బతికుంటే ఇవేవీ అడిగేవాడు కాదు. ఒక్కటే అడిగేవాడు. పగలు పోయిందా, రాత్రి పోయిందా అని.

రాత్రి పోతే దొంగతనం. పగలు, నలుగురి ముందు, తన పేరూ తన తండ్రి పేరూ అరిచి చెప్పి తీసుకుపోతే అది బరింత. నాకు అన్యాయం చేశావు, నీ సొత్తు నా దగ్గరుంది, వచ్చి న్యాయం తేల్చి తీసుకుపో అని దానర్థం. తాతల రోజుల్లో గుర్రాల మందలే తోలుకుపోయేవాళ్ళు. బరింత సొత్తును పరాయివాడు ముట్టుకోకూడదు. ముట్టుకుని చెడగొడితే, ఆ అసలు తప్పు వచ్చి వాడి నెత్తినే కూర్చుంటుంది. ఇది అత్-బాషిలో గుర్రం ఎక్కడం వచ్చిన ప్రతివాడికీ తెలుసు. ఒరోజాలికీ తెలుసు. తాళంచెవిని కూడా బరింత పట్టొచ్చని మాత్రం వాడికి తట్టలేదు.

పనిలో దిగాడు. బండి మెడ దగ్గర తాళం విప్పి, లోపలి పళ్ళు చూసి, కొత్త తాళంచెవి కోశాడు. అది లోపల దూరింది, తిరిగింది. అయితే ఇలాంటి బండికి ఇనుము ఒక్కటే చాలదు. చెవి తలకాయలో బియ్యపు గింజంత చిప్పు ఉంటుంది. బండి దాన్ని నీ పేరేంటి అని అడుగుతుంది. అది తన నంబరు చెప్తుంది. ఆ నంబరు సీటు కింద ఉన్న పెట్టెలో రాసి లేకపోతే ఎర్రదీపం మిణుకుమిణుకుమంటుంది తప్ప ఇంజను పలకదు. ఒరోజాలి ఆ పెట్టె తెరిచి, ఎనిమిది కాళ్ళ పురుగులాంటి ముక్కను టంకం కరిగించి ఊడదీసి, లాప్‌టాప్‌కి తగిలించాడు. అందులో రెండు పాత నంబర్లు కనబడ్డాయి.

"తాళాలు దొంగల చేతికి పోతే పాత నంబర్లు తుడిచేస్తాను," అన్నాడు. "అది నా పద్ధతి."

"తుడిస్తే ఏమవుతుంది?"

"వాడి దగ్గరున్న తాళాలు చచ్చిపోతాయి. దూరతాయి, తిరుగుతాయి. బండి కదలదు."

రిస్బెక్ నవ్వాడు. నవ్వితే పెదవి మళ్ళీ చిట్లి నెత్తురు కారింది. నాలుకతో నాక్కుని, "చంపెయ్ అన్నా," అన్నాడు. "రెండూ చంపెయ్."

ఒరోజాలి చంపాడు.

గురువారం పొద్దున పదింటికి దోరోన్ గుర్రం మీద వచ్చాడు. పై లోయలో గుర్రాలు మేపే మనిషి. డబ్బా గుమ్మంలో నిలబడితే లోపలికి వెలుతురు రాలేదు. గుర్రాన్ని కట్టలేదు, కళ్ళెం భుజం మీద వేసుకునే లోపలికొచ్చాడు. గుర్రం తల కూడా లోపలికొచ్చింది. బల్ల మీద ఒక గుత్తి పడేశాడు. రెండు తాళంచెవులు.

"ఇవి బతికున్నాయా, చచ్చాయా? చూసి చెప్పు."

ఒరోజాలి పరికరం దగ్గర పెట్టాడు. అవి నంబరు చెప్పాయి. ఆ నంబర్లు మొన్న తన చేత్తో తుడిచినవే. అప్పుడు అర్థమైంది.

"చచ్చాయి."

"ఎవరు చంపారు?"

"నేనే."

మొదటి దెబ్బ కొరడా పిడితో చెంప మీద పడింది. కుర్చీతో సహా వెనక్కి వెళ్ళి మిషను మీద పడ్డాడు. చెవిలో గంట మోగింది. లేవబోతే కడుపులో తన్నాడు దోరోన్. మళ్ళీ తన్నాడు. ఒరోజాలి పొద్దున తాగిన టీ అంతా నేల మీదికి వచ్చింది.

పక్క డబ్బాలో జీనులూ కళ్ళేలూ అమ్మే బురుల్ రికాబు ఒకటి పట్టుకుని పరిగెత్తుకొచ్చింది. జీనుకి వేలాడే, కాలు పెట్టే ఇనప రికాబు. ఆమె బలమైన మనిషి, భర్త పోయాక తోళ్ళు తనే నానబెట్టి తనే చీరుతుంది.

"ఒరేయ్ దోరోనూ! వదుల్తావా, బుర్ర బద్దలుకొట్టనా?"

"పక్కకుండక్కా. ఈయన నా బరింతను చంపాడు."

రికాబు ఎత్తిన చెయ్యి అలాగే ఆగింది. "నిజమేనా ఒరోజాలీ?"

"అడగలేదు," అన్నాడు ఒరోజాలి నేల మీది నుంచి.

"ఏం అడగలేదు?"

"పగలా, రాత్రా అని."

బురుల్ రికాబు కింద పెట్టింది. "అయితే తిను తన్నులు, తెలివితక్కువ ముండాకొడకా," అంది. అని తలగుడ్డ చివరతో కళ్ళు తుడుచుకుంది. అక్కణ్ణించి మాత్రం కదల్లేదు.

దోరోన్ చెప్పాడు. కొడుతూనే చెప్పాడు, మాటకొక దెబ్బ. రిస్బెక్ ఆ బండి కొన్న వారానికే పై లోయకి తెచ్చాడు. మంద పక్కన నిలబెట్టి, చూడండ్రా అని ఇంజను అరిపించాడు. గుర్రాలు బెదిరి వాగు గట్టు వైపు పరుగు తీశాయి. దోరోన్ తమ్ముడు తాలాయ్ వాటిని మళ్ళించబోయాడు. గుర్రంతో సహా వాగులో పడ్డాడు. గుర్రం వాడి మీద పడింది. ఇప్పుడు నడుం కిందంతా చచ్చింది. ఇరవై ఆరేళ్ళవాడు. రిస్బెక్ ఆ రోజు బండెక్కి వెళ్ళినవాడు మళ్ళీ రాలేదు. పెద్దమనుషుల్ని వెంటబెట్టుకుని రాలేదు, తప్పయిందని అనలేదు, తాలాయ్ పక్క దాకా కూడా రాలేదు. నలభై రోజులు చూశాడు దోరోన్. నలభై ఒకటో రోజు పట్టపగలు టీకొట్టు ముందు రిస్బెక్‌ను పడదోసి, మూతి పగలగొట్టి, పేరు చెప్పి, తాళాలు తీసుకున్నాడు. బండి తీసుకుంటే పోలీసులొస్తారు. తాళంచెవికి ఏ పోలీసొస్తాడు?

"బండి వాకిట్లో పడి తుప్పు పడుతుంటే వాడే వచ్చేవాడు. వచ్చి తీరేవాడు. దానిమీద వాడికంత పిచ్చి. నువ్వేమో ప్రాణం పోశావు. నిన్న నా గుమ్మం ముందు మూడుసార్లు తిరిగాడు హారన్ కొట్టుకుంటూ. ఆ ఇనప ముక్కలు నీ తమ్ముడి మెడలో తాయెత్తుగా కట్టు అన్నాడు."

దోరోన్ ఒరోజాలి కుడి చెయ్యి పట్టుకుని వైసు దవడల మధ్య పెట్టాడు. ఒరోజాలి గింజుకోలేదు. పిడి ఒక చుట్టు తిప్పాడు. మరో అర చుట్టు. ఎముకలు ఒకదానికొకటి ఆనుకున్నాయి. ఒరోజాలి గొంతులోంచి గొర్రె అరుపులాంటిది వచ్చింది.

దోరోన్ ఆపాడు. గుమ్మం బయట చేరినవాళ్ళందరికీ వినబడేలా అరిచాడు.

"నేను, ఎసెన్ కొడుకు దోరోన్‌ని. చచ్చిన తాళాల బదులు ఈ చెయ్యి పడుతున్నాను. ఆదివారం సంత కట్టేసేలోపు రిస్బెక్ నా తమ్ముడి పక్క దగ్గర మోకాళ్ళ మీద ఉండాలి. లేకపోతే వచ్చి ఈ పిడి తిప్పుతాను. ఆపను."

వైసు వదులు చేశాడు. ఒరోజాలి చెయ్యి తీసుకున్నాడు. అడ్డంగా రెండు గీతలు, ఊదారంగులో. వేళ్ళు కదిపి చూసుకున్నాడు. కదిలాయి.

"రా. ముందు మా తమ్ముణ్ణి చూడు," అని దోరోన్ అతన్ని మెడ పట్టి లేపి గుర్రం మీద తన వెనక కూర్చోబెట్టుకున్నాడు. సంతంతా చూస్తోంది. అమ్ముడైన గొర్రెను తీసుకుపోయినట్టు తీసుకుపోయాడు.

తాలాయ్ కింద పరుపుల మీద పడుకుని ఉన్నాడు. గదిలో పొగ, చెమట, మందుల వాసన. ఒరోజాలికి కళ్ళు తిరుగుతున్నాయి, చెంప వాచి ఒక కన్ను మూసుకుపోయింది. పరుపు అంచున కూలబడ్డాడు. తాలాయ్ వైపు చూడలేక నేల వైపు చూస్తూ కూర్చున్నాడు.

"ఈయనేనా?" అన్నాడు తాలాయ్. "ముసలాణ్ణి కొట్టావేంటన్నా?"

"తప్పు చేశాడు."

"తప్పు చేసినవాళ్ళందర్నీ కొడితే నీ చేతులు అరిగిపోతాయి." తర్వాత ఒరోజాలితో, మెల్లగా, నవ్వుతూనే, "పెద్దాయనా, నా కాళ్ళ మీద కూర్చున్నావు," అన్నాడు.

ఒరోజాలి నిప్పు మీంచి లేచినట్టు లేచాడు.

"కంగారు పడకు. నాకు తెలీలేదులే. చూసి చెప్పాను."

గోడ దగ్గర వాళ్ళమ్మ ఉన్ని దువ్వుతోంది. చెయ్యి ఆపలేదు, తలెత్తలేదు.

"రిస్బెక్‌ను తీసుకొస్తే వాణ్ణేం చేస్తారు?" అడిగాడు ఒరోజాలి.

"వాడి గుర్రం నాకొద్దు, గొర్రె వద్దు," అన్నాడు తాలాయ్. "వాడు నన్ను చూడాలి. చూడకుండా ఎంత దూరమైనా పోవచ్చని అనుకుంటున్నాడు గదా వాడు. ఒక్కసారి చూడాలి. అంతే."

శనివారం ఒరోజాలి రిస్బెక్ ఇంటికి వెళ్ళాడు. వాకిట్లో రిస్బెక్, వాళ్ళ చిన్నాన్న కొడుకు సపార్, ఇద్దరూ బండిని కిరసనాయిలు గుడ్డతో తుడుస్తున్నారు. కుక్క గొలుసు లాగుతూ మొరిగింది.

"ఏంటన్నా మొహం అలా ఉంది? ఆడాళ్ళ జోలికెళ్ళావా ఏంటి?" అన్నాడు సపార్.

"కొట్టేశారని చెప్పావు," అన్నాడు ఒరోజాలి రిస్బెక్‌తో.

"నా ఒప్పుదల లేకుండా తీసుకుంటే కొట్టేసినట్టే. ఏ కోర్టులోనైనా అడుగు."

"నేను కోర్టు కాదు. తాళాలు చేసేవాణ్ణి. తాలాయ్ దగ్గరికి నాతో రా."

"ఎందుకు రావాలి? నేనేం తోశానా వాగులోకి? ఇంజను తిప్పాను. ప్రపంచంలో రోజూ ఎవడో ఒకడు ఇంజను తిప్పుతాడు. వెళ్ళి మోకరిల్లితే ఒప్పుకున్నట్టు కాదూ? రేపు కేసు పెడితే జైలుకి నువ్వొస్తావా?"

"కేసు పెట్టరు."

"పెట్టరని నీకెవరు చెప్పారు, ఆ కుంటాడా?"

ఒరోజాలి బండి వైపు చెయ్యి చూపాడు. "సరే. బండి ఒక పూట ఇవ్వు. పాత నంబర్లు మళ్ళీ ఎక్కిస్తాను. దోరోన్ తాళాలు ఆయనకి బతికొస్తాయి. నా చెయ్యి నాకు మిగుల్తుంది."

"వినవోయ్ సపారూ! దొంగకి ఒక తాళం, నాకు ఒక తాళం అంట. పెళ్ళాన్ని కూడా పంచమంటాడేమో."

ఇద్దరూ పగలబడి నవ్వారు. ఒరోజాలి కదల్లేదు. వచ్చేదాకా కదలనన్నట్టు వాకిట్లో కూర్చున్నాడు. రిస్బెక్ నవ్వు ఆగిపోయింది. "లే," అన్నాడు. లేవలేదు. "లే అన్నానా?" వెళ్ళి గొలుసు విప్పాడు.

కుక్క పిక్క పట్టుకుంది. అది తోడేళ్ళ మీదికి పెంచిన కుక్క, పట్టిందంటే ఊపుతుంది. ఒరోజాలి దాని ముక్కు మీద ఎడం చేత్తో గుద్దాడు, కళ్ళలో మట్టి కొట్టాడు. కుడి చెయ్యి మాత్రం చంక కింద దాచుకున్నాడు. సపార్ వచ్చి కుక్కను లాగేటప్పటికి పాంటూ చర్మమూ కలిసి ఊడొచ్చాయి. రిస్బెక్ అతన్ని గేటు బయటికి కాలితో తోశాడు.

"నా కాళ్ళు పట్టుకునేదేదో ఆ తాలాయ్ కాళ్ళే పట్టుకో. వాడికి నీ అవసరమే ఎక్కువ."

గేటు మూసుకుంది. లోపల బండి స్టార్టయింది. ఊరికే, అరిపించడానికి.

ఒరోజాలి ఇంటికి కుంటుకుంటూ వెళ్ళాడు. ఎటైనా పారిపోవచ్చు, నరిన్ పట్నంలో మేనల్లుడున్నాడు. ఆలోచించాడు. చెయ్యి తనదే కాబట్టి తనతోనే వస్తుంది. ఇక్కడ నలుగురి ముందు బరింత పట్టిన చెయ్యి, ఏ ఊరెళ్ళినా అది పట్టుబడిన చెయ్యే. దాంతో పనిచేస్తే ఎవడు మెచ్చుతాడు?

ఆదివారం. పశువుల సంత. పొద్దున్నే మంచు కురిసి కరిగి, నేలంతా పేడా బురదా. గుర్రాలు, ఆవులు, తోక బరువున్న గొర్రెలు. బేరగాళ్ళు ఒకరి కోటు చేతుల్లోకి ఒకరు చేతులు దూర్చి వేళ్ళతో ధరలు చెప్పుకుంటున్నారు. ఒరోజాలి డబ్బా తెరవలేదు. బురుల్ కొట్టు ముందు మూట మీద కూర్చున్నాడు. పిక్కకు గుడ్డ చుట్టి ఉంది.

"సంత మూడింటికి కట్టేస్తారు," అంది బురుల్. "ఏం చేస్తావు?"

"వాడొస్తాడు."

"ఎవరు, దోరోనా?"

"రిస్బెక్. జనం ఉన్నచోటికి రాకుండా ఆ బండి ఉండలేదు."

పదకొండింటికి వచ్చాడు. వెనకాల సపార్. జనం మధ్యలోంచి బండి నడుపుకుంటూ, గుర్రాలు వెనక్కి జరుగుతుంటే వాటి యజమానులు తిడుతుంటే నవ్వుకుంటూ వచ్చాడు. గుర్రాల వరస చివర ఆపాడు. ఇంజను ఆపలేదు. సపార్ దిగి పొట్లాల్లో గింజలు కొనడానికి వెళ్ళాడు. సంతకి ఆ పక్కన దోరోన్ గుర్రం మీద ఉన్నాడు. వాడు బండిని చూడలేదు. సూర్యుణ్ణి చూస్తున్నాడు, ఎంత పైకొచ్చాడా అని.

ఒరోజాలి లేచాడు. జనం మధ్యలోంచి నడిచాడు. కుంటుతున్నాడు కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. బండి పక్కకి వచ్చి నిలబడ్డాడు.

"మళ్ళీ వచ్చావా?" అన్నాడు రిస్బెక్. "కుక్కని తేలేదే ఇవాళ."

ఒరోజాలి కుడి చెయ్యి చాపాడు. తను కోసిన తాళంచెవి, తను నంబరు రాసిన తాళంచెవి. తిప్పాడు. లాగాడు. ఇంజను గొంతు నొక్కినట్టు ఆగింది. సంతలో ఆ పక్కంతా ఒక్కసారి నిశ్శబ్దమైంది.

"నేను," అన్నాడు. మళ్ళీ అన్నాడు, ఈసారి అరిచాడు. ముప్ఫై ఏళ్ళుగా ఆ సంతలో ఉన్నవాళ్ళెవరూ అతని అరుపు విని ఎరగరు. "నేను, తుర్దూ కొడుకు ఒరోజాలిని! వీడు నాతో అబద్ధమాడి నా చేత బరింతను చంపించాడు. ఈ తాళం నేను తీసుకుంటున్నాను! పగలు! మీ ముందు!"

రిస్బెక్ బండి మీంచే తన్నాడు. ఆ తన్ను పక్కటెముకల్లో దిగింది. బండి పక్కకి ఒరిగిపోయి బురదలో పడింది. రిస్బెక్ దాని మీంచి దూకి ఒరోజాలి మీద పడ్డాడు. ముక్కు మీద గుద్దాడు. ముక్కెముక విరిగిన చప్పుడు గుర్రాల దాకా వినబడింది. ఒరోజాలి తిరిగి కొట్టలేదు. బోర్లాపడి కుడి పిడికిలి పొట్ట కింద పెట్టుకుని ముడుచుకుపోయాడు. రిస్బెక్ జుట్టు పట్టి మొహాన్ని బురదలో నొక్కాడు. ఒరోజాలి ఊపిరాడక గిలగిలలాడి, చివరికి ఒళ్ళు తిప్పాడు. పిడికిలి బయటపడింది.

"తెరువు!"

తెరవలేదు. సపార్ పరిగెత్తుకొచ్చి బూటుతో ఆ పిడికిలి మీద నిలబడ్డాడు. గెంతాడు. తెరవలేదు. రిస్బెక్ అటూ ఇటూ చూశాడు. గొర్రెల్ని కట్టే ఇనప మేకు ఒకటి నేలలోంచి పీకాడు, మూరెడుంది. దాని మందపు తల వైపు తిప్పి కొట్టాడు. ఒకటి. చిటికెన వేలు అడ్డంగా వాలింది. రెండు. ఒరోజాలి అరిచాడు, నోట్లోకి బురద పోయింది. మూడు. వేళ్ళు ఎటుపడితే అటు వంగాయి. పిడికిలి మాత్రం విడలేదు. విరిగిన వేళ్ళే తాళం మీద బిగుసుకున్నాయి.

నాలుగో దెబ్బ పడలేదు. బురుల్ రికాబు సపార్ చెవి మీద దిగింది. వాడు రెండు అడుగులు వేసి కూర్చుండిపోయాడు. బేరాల పెద్ద కాసిమ్ తాత, ఎనభై ఏళ్ళవాడు, రిస్బెక్ చొక్కా గల్లా వెనక నుంచి పట్టి కొరడా మెడ చుట్టూ వేసి లాగాడు. మిగతావాళ్ళు అప్పుడు కదిలారు. పదిమంది మీద పడి పడగొట్టారు. ఎవరి పిడికిళ్ళు ఎక్కడ పడ్డాయో లెక్కలేదు. బండి బెదిరించిన గుర్రాల వాళ్ళు కూడా అందులో ఉన్నారు.

"చాలు!" అన్నాడు కాసిమ్ తాత. "పగలు తీశాడు. పేరు చెప్పి తీశాడు. మనం విన్నాం. అది నిలబడుతుంది."

రిస్బెక్ నోట్లోంచి పన్ను ఉమ్మేశాడు. "ఉంచుకోమను! ఇంకోటి చేయించుకుంటాను!"

గొర్రెల వైపు నుంచి ఎవరిదో గొంతు, ఏదో మామూలు సంగతి అడిగినట్టు, "ఎవరి చేత రా? చేసేవాడి చెయ్యి ఇప్పుడే విరగ్గొట్టావు గదా," అంది.

ముందు ఒకడు నవ్వాడు. తర్వాత సంతంతా నవ్వింది. నవ్వుతూంటే రిస్బెక్ ఆ మేకు ఇంకా చేతిలో ఉన్న సంగతి అప్పుడే చూసుకున్నట్టు చూసి, వదిలేశాడు.

"బిష్కేక్ పట్టుకుపోతాను. అక్కడ వందమంది చేస్తారు."

"పో," అన్నాడు కాసిమ్ తాత. "నువ్వు తాలాయ్ పక్క దగ్గరికి పోకముందు ఆ బండి ఎటు కదిలినా, ఈ లోయలో నీకు గడ్డి అమ్మేవాడుండడు, నీ గొర్రెలకి దారి ఇచ్చేవాడుండడు, నీ శవానికి భుజం పట్టేవాడుండడు. తేల్చుకో."

జనం పక్కకి జరిగారు. దోరోన్ గుర్రాన్ని నడిపించుకుంటూ వచ్చి, బురదలో కూర్చున్న ఒరోజాలి ముందు ఆపాడు. చెయ్యి చూశాడు. చాలాసేపు చూశాడు.

"సంత ఇంకా కట్టెయ్యలేదు," అన్నాడు.

"తెలుసు," అన్నాడు ఒరోజాలి.

రిస్బెక్ పై లోయకి నాలుగు మైళ్ళు కాలినడకన వెళ్ళాడు. గుర్రం ఎవరూ ఇవ్వలేదు. ముందు కాసిమ్ తాత, వెనక ఇద్దరు పెద్దమనుషులు, ఒక గొర్రె. ఒరోజాలిని గుర్రపు బండిలో పడుకోబెట్టారు. దారిలో ఎముకలు కట్టే ముసలమ్మ ఇంటి ముందు ఆపారు. ఆమె వేళ్ళు ఒక్కొక్కటే విప్పింది. ఒక్కొక్కదానికి అతను ఒక్కొక్కసారి స్పృహ తప్పాడు. తాళంచెవి అరచేతి మాంసంలో దిగి ఉంది. పీకి నీళ్ళలో కడిగి కాసిమ్ తాతకిచ్చింది. రెండు పుల్లలు, కొంత ఉన్ని పెట్టి కట్టింది.

"మళ్ళీ పని చేస్తుందా?" అడిగాడు.

"స్పూను పట్టుకుంటావు," అంది. "సన్నవేవీ పట్టుకోలేవు."

తాలాయ్ గదిలో రిస్బెక్ గుమ్మం దగ్గరే మోకాళ్ళ మీద పడ్డాడు. తల దించుకున్నాడు. తప్పయింది అని నేలకి చెప్పాడు.

"దగ్గరికి రా," అన్నాడు తాలాయ్.

పాక్కుంటూ వచ్చాడు.

"నావైపు చూడు."

చూడలేదు. దోరోన్ మెడ పట్టి తల లేపాడు. తాలాయ్ దుప్పటి పక్కకి తీశాడు. కాళ్ళు పుల్లల్లా సన్నబడి ఉన్నాయి. పక్కన పళ్ళెంలో మాంసం కోసే కత్తి ఉంటే తీసి రిస్బెక్ చేతిలో పెట్టాడు.

"పొడువు. తొడలో."

"నా వల్ల కాదు."

"ఇందాక ఈయన వేళ్ళు విరగ్గొట్టడం నీ వల్ల అయింది గదా. నాకైతే నొప్పి కూడా లేదు. పొడువు."

దోరోన్ చెయ్యి మెడ మీద బిగుసుకుంది. రిస్బెక్ పొడిచాడు, గోరంత లోతు. నెత్తురు వచ్చి తెల్లటి తొడ మీంచి పరుపులోకి ఇంకింది. తాలాయ్ మొహంలో ఏమీ కదల్లేదు. కళ్ళు రిస్బెక్ కళ్ళ మీద ఉన్నాయి.

"చూశావా?"

రిస్బెక్ కత్తి వదిలేసి వాంతి చేసుకున్నాడు. తన చేతుల్లోకే చేసుకున్నాడు, పరుపు మీద పడకుండా. తర్వాత ఏడ్చాడు. చూశాను, చూశాను అంటూ ఏడ్చాడు. తాలాయ్ వాళ్ళమ్మ ఉన్ని పక్కన పెట్టి వచ్చి, కొడుకు తొడకి గుడ్డ నొక్కి కట్టింది. అదే గుడ్డ చివరతో రిస్బెక్ చేతులు తుడిచింది, విసురుగా, గిన్నెలు తోమినట్టు.

"సరే," అన్నాడు తాలాయ్. "తాళం ఇచ్చెయ్యండి వాడికి. మా గుమ్మం ముందుగా మాత్రం నడపొద్దు."

కాసిమ్ తాత చేతులెత్తి దువా చేశాడు. దువా ముగిసిందని అందరూ అరచేతులతో మొహాలు తడుముకున్నారు. గొర్రెను కోశారు.

మాంసం వచ్చేటప్పటికి పొద్దు వాలింది. అందరూ ఒకే పళ్ళెం చుట్టూ కూర్చుని చేతులు పెట్టారు. ఒరోజాలి కుడి చెయ్యి పుల్లల మధ్య ఉంది. ఎడం చెయ్యి పళ్ళెంలో పెట్టే అలవాటు ఎవరికీ లేదు. ఊరికే చూస్తూ కూర్చున్నాడు. ముక్కులోంచి నెత్తురు ఇంకా కారుతోంది.

దోరోన్ పెద్ద ముక్కలు ఏరి, కొవ్వూ మాంసమూ కలిపి, పిడికెడు ముద్ద చేశాడు. పెద్దవాళ్ళు ఇష్టమైనవాళ్ళకి పెట్టే ముద్ద. లేచి వచ్చి ఒరోజాలి ముందు కూర్చుని, మూతి దగ్గర పెట్టాడు.

ఒరోజాలి ఆ చేతిని చూశాడు. వైసు పిడి తిప్పిన చెయ్యి. నోరు తెరిచాడు. దోరోన్ ముద్దతో పాటు వేళ్ళు లోపలికి పెట్టాడు, ఆనవాయితీ ప్రకారం. ఒరోజాలి కొరికాడు. మాంసాన్ని కాదు, వేళ్ళని. పళ్ళు ఎముక దాకా దిగాయి.

గదిలో అందరూ తినడం ఆపారు. దోరోన్ కణత మీద నరం ఉబ్బింది. చెయ్యి వెనక్కి తీసుకోలేదు. ఒరోజాలి ఎంతసేపు పట్టుకుంటే అంతసేపు అలాగే ఉంచాడు.

చివరికి ఒరోజాలి వదిలేసి, ముద్ద నమిలి మింగాడు.

దోరోన్ వేళ్ళు చొక్కాకి తుడుచుకుని, పళ్ళెం దగ్గరికి వెళ్ళి, ఇంకో ముద్ద కలిపాడు.